ఎడారి ప్రాంతానికి అధికారిక మొక్కను ఎంచుకోవడం ఎలా?

"మాది ఎడారి ప్రాంతం. మాకంటూ ఒక అధికారిక మొక్క ఉంటే బాగుంటుందనుకుంటున్నాం. ఏది పెట్టుకోమంటారు?" ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ప్రశ్నతో పాటు ఓ ఫోటో కూడా పంపుతారు. చాలాసార్లు ఆ ఫోటోలో ఉండేది ఆ నేల మీద పుట్టిన మొక్కే కాదు, వేరే ఖండం నుంచి వచ్చి పాతుకుపోయింది.

ఏది పెట్టుకోవాలో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతాను. ముందుగా ఒక్క మాట: అందం సంగతి చివర్లో చూడండి. మొక్క నిజంగా అక్కడిదేనా, దాని అసలు పేరేంటి అన్న రెండూ తేలాకే మిగతావన్నీ.

కావలసినవి

- మీ ప్రాంతం హద్దులు స్పష్టంగా ఉన్న మ్యాప్.
- ఆ నేలలో మొక్కల్ని చూసి గుర్తుపట్టగల వృక్షశాస్త్ర నిపుణులు ఇద్దరు. కాలేజీలో బోటనీ చెప్పే లెక్చరరైనా చాలు, ఎండలో తిరిగిన మనిషై ఉండాలి.
- ఎండు మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో వెతుక్కోవడానికి అనుమతి.
- పశువుల కాపరులు, వేర్లూ కాయలూ ఏరుకునేవాళ్లు, పెద్దవాళ్లు. వీళ్లు లేకుండా మొదలుపెట్టకండి.
- కెమెరా, నోటుపుస్తకం, పాత న్యూస్‌పేపర్లు, రెండు గట్టి అట్టలు, తాడు.
- ఒక పూర్తి ఏడాది. రెండు నెలల్లో తేల్చేయాలని చూస్తే ఒక్క సీజన్‌లో కనబడే మొక్కలే జాబితాలోకి వస్తాయి.

1. ముందు కోవ తేల్చుకోండి

మీకు కావలసింది అధికారిక పువ్వా, చెట్టా, లేక ఏ రకమైనా సరే ఒక మొక్కా? ఇది తేలకుండా మొదలుపెడితే గడ్డికీ మర్రికీ పోటీ పెట్టినట్టవుతుంది. అమెరికాలోని ఆరిజోనాకు సగ్వారో కాక్టస్ పూత 1931లో రాష్ట్ర పుష్పమైతే, పాలో వెర్డే 1954లో రాష్ట్ర వృక్షమైంది. టెక్సస్‌కు పువ్వూ చెట్టూ అప్పటికే ఉన్నా, 1995లో 'రాష్ట్ర మొక్క' అని మరో కోవ పెట్టి ముళ్ల నాగజెముడు జాతిని అందులో చేర్చారు. రాజస్థాన్ 1983లో ఖేజ్రీని, అంటే మన జమ్మిని, వృక్షంగానూ రోహిడాను పుష్పంగానూ ప్రకటించింది. తమాషా ఏంటంటే రోహిడా కూడా చెట్టే. పూత చూసి దాన్ని పువ్వు కోవలో వేశారు. మీరూ అలా చేయవచ్చు.

దీన్ని ఆమోదించే అధికారం ఎవరిదో కూడా ఇప్పుడే కనుక్కోండి: చట్టసభా, ప్రభుత్వ ఉత్తర్వా, స్థానిక సంస్థ తీర్మానమా? ఆ ఆఫీసులో ఇంతకుముందు ఇలాంటి ప్రకటన ఏదైనా చేసుంటే దాని కాపీ తెచ్చుకోండి. తొమ్మిదో అడుగులో పనికొస్తుంది.

2. నడిచి జాబితా రాసుకోండి

కనీసం మూడు సార్లు తిరగాలి: వాన పడిన కొద్ది వారాలకు, చలికాలంలో, నడి వేసవిలో. ఎడారిలో కొన్ని మొక్కలు వాన పడగానే మొలిచి, పూసి, విత్తనం రాల్చి మాయమైపోతాయి. మిగతా ఏడాదంతా మట్టిలో విత్తనంగానే ఉంటాయి. ఒక్కసారే వెళితే అలాంటివి అసలు కనబడవు, లేదంటే అవే కనబడి మిగతావన్నీ మరుగున పడతాయి.

ఇరవై పేర్ల దాకా రాయండి. ప్రతి మొక్కకూ స్థానికులు పిలిచే పేరును వాళ్ల నోట వచ్చినట్టే రాసుకోండి, 'సరిదిద్ది' రాయకండి. పక్క ఊళ్లో వేరే పేరుంటే అదీ రాయండి. ఒకే పేరును రెండు మొక్కలకు వాడుతుంటే దాని చుట్టూ ఎర్ర గీత గీయండి. రేపు గొడవ వచ్చేది అక్కడే.

3. అది నిజంగా అక్కడిదేనా?

ఎక్కువమంది బోల్తా పడేది ఈ అడుగులోనే, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

'మా తాతల నాటి నుంచీ ఉంది' అన్నంత మాత్రాన అది స్థానిక మొక్క అయిపోదు. మూడు తరాల్లో ఒక పరాయి మొక్క ఊరంతా నిండిపోగలదు. అమెరికా ఎడారి సినిమాల్లో గాలికి దొర్లుతూ పోయే ఎండు ముళ్లబంతిని చూసుంటారు. ఆ పడమటి నేలకు అంతకన్నా పెద్ద గుర్తు లేదనిపిస్తుంది. అది యురేషియా మొక్క. 1870ల్లో అవిసె విత్తనాల్లో కలిసి సౌత్ డకోటాకు చేరింది. మన దేశంలో ఎండు నేలల్లో కనబడే నాగజెముడు, కిత్తనార కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. బొమ్మల్లో ఎడారి అనగానే కాక్టస్ గీసేస్తాం గానీ, ఒక్క జాతిని మినహాయిస్తే కాక్టస్ కుటుంబమంతా అమెరికా ఖండాలదే. ఆఫ్రికా, ఆసియా ఎడారుల్లో కాక్టస్‌లా కనబడే స్థానిక మొక్కల్లో చాలావరకు జెముడు కుటుంబానివి (పేరు కలిసినా నాగజెముడు వేరు, అది కాక్టస్). గిల్లితే పాలు కారతాయి. కాక్టస్‌లో సాధారణంగా అలా కారవు. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, గిల్లేటప్పుడు జాగ్రత్త.

అన్నిటికన్నా ఎక్కువ కంగారు పెట్టే జంట జమ్మి, సర్కారు తుమ్మ. రెండూ ముళ్లవే, రెంటికీ పచ్చటి పూగుత్తులే, మొన్నమొన్నటి దాకా శాస్త్రజ్ఞులు రెంటినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో (దగ్గరి బంధువులైన జాతుల గుంపులో) ఉంచారు. జమ్మి భారత ఉపఖండం నుంచి అరేబియా దాకా స్థానికం. సర్కారు తుమ్మ అమెరికా నుంచి తెచ్చి నాటింది, ఇప్పుడు మేత భూముల్ని కమ్మేస్తోంది. దూరం నుంచి తేల్చలేం. ఓ కొమ్మను చేతిలోకి తీసుకుని ముల్లు ఎక్కడి నుంచి మొలిచిందో చూడండి. ఆకు కాడ కొమ్మకు అతుక్కునే కణుపు దగ్గర, చాలావరకు జంటగా, పొడుగ్గా ఉంటే సర్కారు తుమ్మ. ముళ్లు పొట్టిగా, అడుగున వెడల్పుగా, కణుపుల మధ్య కొమ్మ పొడవునా చెదురుమదురుగా ఉంటే జమ్మి. కాయలు దొరికితే ఇంకా సులువు: జమ్మి కాయ సన్నగా వేలాడుతుంది, సర్కారు తుమ్మ కాయ దళసరిగా, పండితే పసుపుగా ఉంటుంది.

*సరిచూసుకునేది ఇలా:* క్యూ రాయల్ బొటానిక్ గార్డెన్స్ నడిపే 'ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్'లో శాస్త్రీయ నామం కొడితే ప్రపంచ పటంలో స్థానికమైన చోట్లు ఒక రంగులో, తెచ్చి నాటినవి మరో రంగులో కనబడతాయి. ఆ తర్వాత జీబిఫ్ అనే డేటాబేస్‌లో మీ జిల్లా నుంచి సేకరించిన పాత నమూనాలు ఉన్నాయేమో వెతకండి.

*హెచ్చరికలు రెండు.* మొదటిది: క్యూ పటం దేశం, రాష్ట్రం స్థాయిలో రంగు వేస్తుంది. దేశానికి స్థానికం అయినంత మాత్రాన మీ ఇసుక నేలకు స్థానికం అని కాదు. కొండ తడి ప్రాంతంలో పుట్టిన మొక్కను ఎడారి పట్టణం పార్కులో నాటి ఉండవచ్చు. రెండోది: ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో మీ ఊరి మీద చుక్క కనబడిందంటే ఎవరో అక్కడ ఆ మొక్కను చూశారని మాత్రమే అర్థం. అది కుండీలో మొక్క కూడా కావచ్చు. ఫోటో తెరిచి చూడండి.

అనుమానం ఉన్న ప్రతి పేరునూ నిర్మొహమాటంగా కొట్టేయండి.

4. జాతి పేరు గట్టిగా పట్టుకోండి

మామూలు పేరుతో ప్రకటన చేస్తే ఏమవుతుందో టెక్సస్ వాళ్లను అడగాలి. 1901లో బ్లూబానెట్ అనే నీలి పూల మొక్కను రాష్ట్ర పుష్పంగా పెడుతూ ఒకే జాతి శాస్త్రీయ నామం రాశారు. జనం మెచ్చి ఫోటోలు దిగేది అంతకన్నా పెద్ద పూలున్న మరో జాతి దగ్గర. ఈ వాదన ఏడు దశాబ్దాలు నడిచి, 1971లో ఆ రాష్ట్రంలోని బ్లూబానెట్ జాతులన్నీ రాష్ట్ర పుష్పాలే అని సవరించి ఊరుకున్నారు. న్యూ మెక్సికో 1927లో యుక్కా పూవును ఎంచుకుంది గానీ ఏ యుక్కానో రాయలేదు.

ఆరిజోనా చట్టంలో ఇంకో రకం చిక్కు ఉంది. పాలో వెర్డేను సెర్సీడియం అన్న ప్రజాతి పేరుతో రాశారు. అందులో అక్కడి రెండు జాతులూ పడతాయి. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ మొక్కల్ని పార్కిన్సోనియాలోకి మార్చారు. సౌత్ ఆస్ట్రేలియా 1961లో చిహ్నంగా స్వీకరించిన స్టర్ట్ ఎడారి బఠాణీ ఒకప్పుడు క్లయాంథస్, ఇప్పుడు స్వైన్‌సోనా ఫార్మోసా. పైన చెప్పిన సర్కారు తుమ్మ కూడా 2022లో ప్రోసోపిస్ నుంచి నెల్టుమాకు మారింది. పేర్లు మారుతూనే ఉంటాయి, టెన్షన్ పడకండి. దీనికి మందు ఒకటుంది: ఒక అసలు నమూనాను హెర్బేరియంలో పెట్టి, 'మేము అంటున్నది ఈ మొక్క' అని దాని నంబరును ప్రకటనలో రాయడం.

నమూనా తీసేది ఇలా: పూవూ కాయా రెండూ ఉన్న కొమ్మను ఒక జానెడు పైనే కోయండి. న్యూస్‌పేపర్ మడతలో ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, ఒకటి రెండు ఆకుల్ని తిరగేసి పెట్టండి, అడుగు భాగం కనబడాలి. అట్టల మధ్య పెట్టి తాడుతో బిగించండి. మొదటి మూడు నాలుగు రోజులు రోజూ పేపరు మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. కండగల మొక్కలైతే నిలువుగా చీల్చి లోపలి గుజ్జు తీసేయండి, అలాగే పెడితే కుళ్లిపోతుంది. తేదీ, స్థలం, నేల రకం, పువ్వు రంగు అక్కడికక్కడే చీటీ మీద రాయండి. ఎండాక రంగు పోతుంది, ఇంటికెళ్లి రాద్దామనుకుంటే గుర్తుండదు.

కోసేముందు అనుమతి తప్పనిసరి. రక్షిత జాతి అయితే కత్తి తీయొద్దు, హెర్బేరియంలో ఇప్పటికే ఉన్న నమూనా నంబరు వాడుకోండి.

*సరిచూసుకునేది ఇలా:* ఇద్దరు నిపుణులకు విడివిడిగా, ఒకరి సమాధానం మరొకరికి చెప్పకుండా నమూనా చూపించండి. ఇద్దరూ ఒకే పేరు రాస్తే ముందుకెళ్లండి. వేరువేరుగా రాస్తే ఇంకో పూత సీజన్ దాకా ఆగండి.

5. ఇరవైని అయిదు చేయండి

మిగిలిన ప్రతి మొక్కనూ ఈ ప్రశ్నలతో వడకట్టండి.

మామూలు మనిషి వెళ్లి దాని పక్కన నిలబడగలడా? రోడ్డు పక్కనో, బడి దారిలోనో కనబడుతుందా? పూత లేనప్పుడు కూడా గుర్తుపట్టవచ్చా? సగ్వారో పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది, అయినా ఆ కాక్టస్ ఆకారం ఏడాది పొడవునా కనబడుతుంది కాబట్టి సరిపోయింది. అదే పువ్వు ఏ చిన్న గడ్డి మొక్కకో ఉండి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

విత్తనం నుంచి నర్సరీలో పెంచగలరా? ప్రకటన రాగానే బడులు, ఆఫీసులు 'మాకూ ఒక మొక్క కావాలి' అంటాయి. నర్సరీలో లేకపోతే అడవి నుంచి తవ్వి తెస్తారు. ఇది ఊహ కాదు. సగ్వారోలను దొంగిలించి అమ్ముకోవడం ఎంత దూరం వెళ్లిందంటే, సగ్వారో నేషనల్ పార్క్‌లో కొన్నిటికి మైక్రోచిప్‌లు పెట్టాల్సి వచ్చింది. ఆ కాక్టస్‌కు మొదటి కొమ్మ రావడానికే యాభై ఏళ్లకు పైగా పడుతుంది, ఒకటి పోతే మళ్లీ ఎవరు చూస్తారు? మొక్క అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ జాబితాల్లో ఉందేమో, ఏ జాతికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో ఏ స్థాయిలో ఉందో చూసుకోండి.

అరుదైనదా, మామూలుదా? ఈ వాదన ప్రతి కమిటీలోనూ వస్తుంది. 'అంతరించిపోతున్నదాన్ని పెడితే కాపాడినట్టవుతుంది' అంటారు. నా ఓటు మామూలుదానికే. కళ్లతో చూడని మొక్క మీద జనానికి ప్రేమ పుట్టడం కష్టం, దొంగలకు మాత్రం చిరునామా తెలుస్తుంది. అరుదైనదే పెట్టి తీరాలంటే రెండు షరతులు: ముందు నర్సరీ, తర్వాత ప్రకటన. అది పెరిగే చోటు ఎక్కడా ముద్రించకూడదు.

పక్క ప్రాంతం ఇప్పటికే తీసుకుందా? తీసుకుంటే తప్పేం లేదు. జమ్మి రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం, 2008 నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు 'గాఫ్' పేరుతో జాతీయ వృక్షం. ఈ సంగతి తెలిసి తీసుకోండి, ప్రకటన రోజున ఎవరో చెబితే తెలిసే పరిస్థితి రానీయకండి.

6. దాంతో బతికేవాళ్లను అడగండి

అడగడమంటే సభ పెట్టి చేతులెత్తించడం కాదు. మొక్క దగ్గరికి వాళ్లతో కలిసి వెళ్లి, 'దీంతో ఏం చేస్తారు? దీన్ని ఎప్పుడు ముట్టుకోరు?' అని అడగడం. రాజస్థాన్ థార్‌లో ఖేజ్రీ ఆకు పశువులకు మేత, పచ్చి కాయలు కూర. 1730లో ఖేజర్లీ గ్రామంలో ఆ చెట్లను నరకొద్దంటూ అమృతాదేవితో మొదలై బిష్ణోయీ సమాజం వాళ్లు 363 మంది ప్రాణాలిచ్చారు. అలాంటి చెట్టుకు అధికారిక హోదా ఇవ్వడమంటే ఉన్న గౌరవాన్ని కాగితం మీద పెట్టడమే. ఆరిజోనాలో తొహోనో ఊధమ్ అనే ఆదివాసీ ప్రజలు ఇప్పటికీ వేసవిలో పొడుగాటి కర్రలతో సగ్వారో పండ్లు కోసుకుంటారు.

ఇక్కడ జరిగే పొరపాటు: అధికారిక మొక్క కాగానే 'ఎవరూ ముట్టుకోవద్దు' అని నిబంధన పెట్టేయడం. మేతకూ కూరకూ వాడుకునేవాళ్లు రాత్రికి రాత్రి నేరస్థులైపోతారు. సంప్రదాయ వాడకానికి మినహాయింపు ఉండాలా అన్నది వాళ్లనే అడిగి రాసుకోండి. ఒక సమూహం తమకు పవిత్రమైన మొక్కను జెండాల మీదా టీషర్టుల మీదా చూడడం ఇష్టం లేదంటే, ఆ పేరు అక్కడితో వదిలేయండి.

7. బొమ్మ గీయించండి

ఇప్పుడు అందం సంగతి. మిగిలిన అయిదింటినీ ఒక్కో నాణెం సైజులో, నలుపు తెలుపులో గీయించండి. చేయి చాచి పట్టుకుని చూస్తే ఏదో చెప్పగలగాలి. ఎడారి బఠాణీకి ఎర్ర రేకుల మధ్య నల్లటి ఉబ్బు ఉంటుంది, చిన్న బొమ్మలో కూడా తప్పిపోదు. వెల్విచియా అనే ఆఫ్రికా ఎడారి మొక్కకు జీవితాంతం రెండే ఆకులు, అవి గాలికి చీలి రిబ్బన్లలా నేల మీద పడుంటాయి. అందంగా ఉందని ఎవరూ అనరు. అయినా నమీబియా రాజముద్రలో దానికి చోటు దొరికింది, అలాంటి మొక్క ఇంకొకటి లేదు మరి.

బొమ్మ ఎంతవరకు మార్చవచ్చో ముందే అనుకోండి. ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీ చిహ్నం స్టర్ట్ ఎడారి గులాబీ. పేరుకే గులాబీ, అసలు అది అడవి పత్తి. పువ్వుకు అయిదు రేకులే, కానీ జెండా మీద ఏడు. ఆరు రాష్ట్రాలకూ తమ టెరిటరీకీ కలిపి ఏడు గీశారు. అది కావాలని తీసుకున్న నిర్ణయం, రాసి పెట్టుకున్నారు. చూసుకోకుండా ఆరు రేకులు గీస్తే మాత్రం తప్పే. చిత్రకారుడికి ఇంటర్నెట్ ఫోటో ఇవ్వకండి, మీరు తీసిన ఫోటోలూ నమూనా ఇవ్వండి. లేకపోతే మళ్లీ సగ్వారో గీసి తెస్తాడు! సగ్వారో పెరిగేది సొనోరా ఎడారిలోనే, అయినా ఎడారి అన్న ప్రతి బొమ్మలోకీ దూరుతుంది.

8. ఓటింగ్

మూడు పేర్లు చాలు. ప్రతిదానికీ ఒకే సైజులో మూడేసి ఫోటోలు: దగ్గరి నుంచి పువ్వు, దూరం నుంచి మొత్తం మొక్క, నడి వేసవిలో దాని స్థితి. మూడోది తప్పనిసరి. అది లేకపోతే మంచి కెమెరా ఉన్నవాడి మొక్క గెలుస్తుంది. పేరు స్థానిక భాషల్లో ముందు, శాస్త్రీయ నామం కింద. కొత్త పేర్లు చేర్చే గడువు ఓటింగ్‌కు ముందే ముగించండి, లేకపోతే సరదాకి ప్లాస్టిక్ పువ్వుకు కూడా ఓట్లు పడతాయి. ఆన్‌లైన్ ఓటుతో పాటు బడుల్లో, సంతల్లో కాగితం పెట్టెలూ పెట్టండి.

9. ప్రకటన పాఠం

ఇందులో ఉండాల్సినవి: స్థానిక పేరు, శాస్త్రీయ నామం, నమూనా నంబరు, ఏ కోవ, సంప్రదాయ వాడకానికి మినహాయింపు, బొమ్మ వాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలి. పాఠం ఇలా ఉండవచ్చు:

"ఫలానా పేరుతో పిలిచే, ఫలానా శాస్త్రీయ నామం గల, ఫలానా హెర్బేరియంలో ఫలానా నంబరుతో భద్రపరచిన నమూనాకు చెందిన జాతిని ఈ ప్రాంత అధికారిక వృక్షంగా ప్రకటించడమైనది. శాస్త్రీయ నామం తరువాత మారినప్పటికీ ఈ ప్రకటన అదే జాతికి వర్తించును."

ఆఖరి వాక్యాన్ని 'అనవసరం' అని తీసేయబోతారు. తీయనివ్వకండి.

ప్రకటనకు ముందు చివరి పరీక్ష

కమిటీతో సంబంధం లేని అయిదుగురికి బొమ్మ చూపించి, 'దీన్ని వెతికి రండి' అని బయటికి పంపండి. గంటలో ముగ్గురైనా సరైన మొక్కను ఫోటో తీసుకొస్తే బొమ్మా మొక్కా రెండూ పాసైనట్టే. ఒకేలాంటి తప్పు మొక్కను ఇద్దరు తెస్తే, ఆ రెంటికీ తేడా చూపించే చిన్న పటం ప్రకటనతో పాటు విడుదల చేయాలి. ఎవరికీ దొరక్కపోతే అయిదో అడుగుకు వెనక్కి వెళ్లండి.

ప్రకటించాక తప్పు బయటపడితే?

జాతి పేరులో తప్పయితే టెక్సస్ చేసినట్టు పరిధి పెంచుతూ సవరణ తేవచ్చు. మొక్కే పరాయిదని తేలితే, దాన్ని పీకేయడం రాజకీయంగా కష్టం. అమెరికాలోని అలబామా 1959లో స్థానిక గోల్డెన్‌రాడ్‌ను తీసి ఆసియా నుంచి వచ్చిన కమీలియాను రాష్ట్ర పుష్పం చేసుకుంది. తర్వాత 1999లో కమీలియాను కదపకుండానే, 'రాష్ట్ర అడవి పువ్వు' అన్న కొత్త కోవలో ఓక్‌లీఫ్ హైడ్రేంజియా అనే స్థానిక మొక్కను చేర్చింది. మీరూ అదే దారి పట్టవచ్చు. కొత్త ఉత్తర్వులో పాత ఉత్తర్వు నంబరూ తేదీ రాయించడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే ఒక ఆఫీసులో పాత మొక్క, ఇంకో ఆఫీసులో కొత్త మొక్క ఏళ్ల తరబడి నడుస్తాయి.